బాక్సు కట్టిన మాట

పోయిన వేసవిలో మా చర్చి సంఘంలో ఒక పెండ్లికి తెల్ల పట్టుచీర కొనడానికి ధర్మవరం పోయాం. అంగడాయన చీర పరిచి జరీ చూపిస్తుంటే, పెండ్లికూతురి మేనత్త కొంగు పట్టుకొని తిరగేసి, వెనకవైపు బొటనవేలి గోరుతో తడిమి చూసింది. ఆ గోరును చూడగానే నాకు ఒక మనిషి గుర్తుకొచ్చాడు. చీరల్లో తప్పులు చూసే పెద్దాయన ఒకరుండేవారు, హిందూపురంలో ప్రెస్సుకు కూడా వచ్చేవారు, తెలుసా అని అంగడాయనను అడిగాను.

"తెలీకేమమ్మా! ఆయప్ప పోయి రెండేండ్లాయ. మగ్గం దిగిన ప్రతి చీరా ఆయప్ప చేతి కిందనే పోతాండ్య. బాగుంటే ఒక్క మాటా అనడు. బాగలేకపోయినా అనడు. చీర మడిచి నా ముందర పెట్టి టీ తాగను పోతాడు. ఇంగ ఆ పొద్దు నేతగానికి నిద్ర పట్టేది కాదు."

నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి మా ఇద్దరినీ ఎరిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. పెండ్లయి నేను గాండ్లపెంట వైపు వెళ్ళిపోయాను. ఆయన ధర్మవరంలోనే ఉండిపోయాడు. ఆ సాయంత్రం నేను ఆయన కోసం ప్రార్థన చేశాను. బతికి ఉన్నప్పుడు చేసినంత ధైర్యంగా చేయలేకపోయాను.

నేను పెనుకొండలో పాస్టరు కూతురిని. తొంభైల చివరలో హిందూపురంలో ఒక ప్రెస్సులో కంప్యూటరు మీద పేజీలు కట్టే పని చేసేదాన్ని. పొద్దున్నే ధర్మవరం నుంచి వచ్చే ప్యాసింజరు ఎక్కేసరికి ఆయన కిటికీ పక్కన కూర్చొని, ప్రూఫు కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకొని ఉండేవాడు. వారంలో మూడు రోజులు చీరలు, మూడు రోజులు ప్రూఫులు. చొక్కా జేబులో ఎర్ర రీఫిల్లు రెండు, పెన్ను లేకుండా, కాగితం చుట్టి ఉండేవి. పెన్ను బరువు చేతిని తొందర పెడుతుందట.

ఆయన ప్రెస్సుకు వచ్చిన కథ ఓనరు చెప్పేవాడు. చీర పెట్టెల మీద అంటించే లేబుళ్ళు వేయించడానికి వచ్చాడట. బల్ల మీద ఆరుతున్న పెండ్లి పత్రికలు చూసి, "ఏమప్పా, ఈ పెండ్లి అయిపోయిందా?" అన్నాడట.

"యాడ? ఇంకా పది రోజులుండాది."

"మరి ముహూర్తం పోయిన నెల్లో పెట్టినారే!"

ఓనరు ఒక పత్రిక లాక్కొని చూశాడట. "పండితుడు చూసినాడప్పా దీన్ని. నువ్వేం చదివినావు?"

"ఎనిమిది. పండితునికి పెండ్లి సంగతి తెలుసు గదా, ముందుకు ఉరికింటాడు. నాకు తెలీదు, అందుకే నిలబడితి."

ఆయన పద్ధతి వింతగా ఉండేది. పుటలో చివరి లైను నుంచి మొదలుపెట్టి పైకి పోయేవాడు. ఒక్కో అక్షరం మీద గోరు ఆనించి, పెదవులు కదలకుండా, మెట్లెక్కినట్టు ఎక్కేవాడు. కింది నుంచి చదివితే ఏం అర్థమవుతుంది అని అడిగితే, "అర్థం కాకూడదనే గదమ్మా! అర్థం మాయదారిది. చెయ్యి పట్టుకొని లాక్కొని పోతాది. దోవలో గుంత ఉన్నా చూడనీదు" అనేవాడు. తప్పు దొరికితే దాన్ని తప్పు అనేవాడు కాదు. చిన్న సున్న చుట్టి, "ఈడ పోగు తెగింది" అనేవాడు. ఆ సున్న కూడా అక్షరానికి తగలకుండా చుట్టేవాడు.

పని మొదలుపెట్టే ముందు నేను కండ్లు మూసుకొని ప్రార్థన చేసుకునేదాన్ని. ఆయన ప్రూఫులు పట్టుకొని నా వెనక నిలబడి, నా ఆమెన్ వినిపించేవరకు కాగితం బల్ల మీద పెట్టేవాడు కాదు. ఒకరోజు ఓనరు, "కరెంటు పోతాదమ్మా, దేవునితో మధ్యాన్నం మాట్లాడు" అంటే ఈయన, "ఉండప్పా, నడిమధ్యలో తెంచితే మళ్ళీ ముడి కనపడతాది" అన్నాడు. ఆ మాటకు ధైర్యం వచ్చి ఆ సాయంత్రం రైల్లో అడిగాను: "సార్, మీరు దేవుణ్ణి నమ్ముతారా?"

బొరుగుల ఉగ్గాని డబ్బా మూత తీసి సగం నాకు పెట్టాడు. బజ్జీ తుంచి నాకు పెద్ద ముక్క ఇచ్చాడు. "నమ్మినవాని కంటికి తప్పులు దొరకవమ్మా. నా బతుకుతెరువు పోతాది" అని నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆయన పేరు నా ప్రార్థనల్లో చేరింది.

అప్పుడు వచ్చింది ఆ పుస్తకం. మేం దాన్ని 'వంకర సైన్సు పుస్తకం' అనేవాళ్ళం. హిందూపురంలోనే ఒక రిటైరైన లెక్చరరు రాశాడు. సైన్సు పేరు చెప్పి సైన్సును వంకర చేసేవాళ్ళ మీద రాసిన పుస్తకం. అయస్కాంతం ముంచిన నీళ్ళు, షుగరును వారంలో పోగొట్టే కషాయం, 'పరిశోధనల్లో తేలింది' అంటూ గోడల మీద అంటించే కాగితాలు, వీటన్నిటి బండారం ఒక్కో అధ్యాయంలో బయటపెట్టాడు. ప్రార్థన పేరుతో మందులు మాన్పించేవాళ్ళ మీద కూడా ఒక అధ్యాయం ఉంది. దాన్ని టైపు చేసేటప్పుడు నా పండ్లు బిగుసుకున్నాయి. ఇంటికొచ్చి నాయనతో చెప్పుకుంటే, "అపొస్తలుల వెంట తిరిగినవాళ్ళలో వైద్యుడు గూడా ఉండినాడు గదమ్మా. ఆయన రాసింది నిజమే. నువ్వు మంచిగా చేసియ్యి" అన్నాడు.

మంచిగా చేయాలనే చేశాను. తప్పు అక్కడే జరిగింది.

లెక్చరరు ప్రతి అధ్యాయాన్నీ జనంలో తిరిగే అబద్ధపు మాటతో మొదలుపెట్టి, తర్వాత దాన్ని ఖండించేవాడు. నాకు పేజీలు కట్టడం వచ్చింది మా సండేస్కూలు పాఠాల పుస్తకాలు కట్టి. వాటిల్లో ప్రతి పాఠం మొదట కంఠత వాక్యం ఉంటుంది. దాన్ని పెద్ద అక్షరాల్లో, చుట్టూ గీతలు గీసి బాక్సు కడతాం. పిల్లలు దాన్ని నేర్చుకొని ఆదివారం అప్పజెప్తారు. చదువు రాని పెద్దవాళ్ళు ఆ బాక్సు మీదనే అక్షరాలు దిద్దుకుంటారు. మా సంఘంలో పుస్తకం తెరిస్తే కన్ను ముందు బాక్సు మీద పడుతుంది. చాలామందికి అక్కడితోనే చదువు అయిపోతుంది. నా చేతికి తెలిసిన అందం అదొక్కటే. వంకర సైన్సు పుస్తకంలో కూడా ప్రతి అధ్యాయం మొదటి మాటను తీసి, పెద్ద అక్షరాల్లో పెట్టి, మూలలకు పూలు చుట్టి, బాక్సు కట్టాను. అది ఒక పుటంతా నిండింది. ఖండన మాత్రం చిన్న అక్షరాల్లో వెనక పుటకు పోయింది.

"శానా కళగా ఉండాదమ్మా!" అన్నాడు ఓనరు. లెక్చరరు కంటి ఆపరేషను చేయించుకొని పట్టీ కట్టుకొని ఉన్నాడు. "మీరు చూసుకోండి" అని కబురు పెట్టాడు. ఇక చూడవలసింది మా పెద్దాయనే. ఆయన చివరి లైను నుంచి పైకి ఎక్కుతూ పోయాడు. లెక్కలేనన్ని సున్నలు చుట్టాడు. ఊపిరితిత్తుల బొమ్మ తలకిందులుగా పడితే అది కూడా పట్టాడు. బాక్సుల్లో మాత్రం ఒక్క సున్న కూడా లేదు. వాటిల్లో అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నాయి.

పుస్తకం అచ్చయింది. నేను చేసిన పని అని మా సంఘంలో కొందరు కొనుక్కున్నారు. ఒక ప్రతి నేనే అవ్వకు ఇచ్చాను. అవ్వ అంటే నాకు చుట్టం కాదు. గుడిబండ వైపు నుంచి కూలికి వచ్చి పెనుకొండలోనే ఉండిపోయిన ఒంటరి ముసలామె. ముసలితనంలో మా నాయన దగ్గర, కంఠత వాక్యాల బాక్సుల మీద అక్షరాలు నేర్చుకుంది. ఆ పుస్తకం ఇచ్చేనాటికి అవ్వ క్షయ జబ్బుకు బిళ్ళలు మింగుతోంది. నాయనే సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయి మొదలుపెట్టించాడు. ఆరు నెలలు ఆపకుండా వేసుకోవాలని డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఒక ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యాలు చెప్పేవేళ అవ్వ లేచి నిలబడింది. ఒక కీర్తనలోని మాట అప్పజెప్పింది. సంఘం ఆమెన్ అనింది. తర్వాత అదే గొంతుతో, అదే రాగంతో ఇంకొకటి అప్పజెప్పింది: "క్షయ జబ్బుకు రెండు నెలలు బిళ్ళలు వేసుకొని ఒంట్లో నెమ్మదిస్తే చాలును. ఆ పైన వేసుకొనిన యెడల రక్తము విరిగిపోవునని పరిశోధనల్లో తేలింది. నేను నిలిపేసినా. ప్రభువుకే స్తోత్రం!"

సంఘమంతా ఆమెన్ అనింది. మా నాయన కూడా అలవాటు కొద్దీ నోరు తెరిచి సగంలో ఆగిపోయాడు.  ఆ మాటకు బాక్సు కట్టింది నేను.

ఆరాధన అయ్యాక ఇద్దరం అవ్వ దగ్గర కూర్చున్నాం. బిళ్ళలు ఆపి మూడు వారాలైందట. దగ్గు మళ్ళీ వస్తోంది. అది అబద్ధపు మాట, వెనక పుటలో అట్లే రాసి ఉంది అని నాయన ఎంత చెప్పినా అవ్వ వినలేదు. "అచ్చులో ఉండాది నాయనా. గీతల నడుమ ఉండాది. నీ బిడ్డే తెచ్చిచ్చె" అనింది. బాక్సు కట్టింది నేనే అని అప్పుడే చెప్పి ఉండవచ్చు. సంఘం వింటోంది. చెప్పలేదు.

సోమవారం రైల్లో ఆయనకు చెప్పాను.  నా సంచిలోంచి పుస్తకం తీసుకొని మొదటి పుట తెరిచాడు. ఆయన ఒక పుస్తకాన్ని మొదటి నుంచి చదవడం నేను చూసింది అదే మొదటిసారి. పెదవులు కదులుతున్నాయి. బాక్సు, తిప్పు. బాక్సు, తిప్పు. మలుగూరు దాటాక పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇన్నేండ్లు పోగులే చూస్తినమ్మా. చీర చూళ్ళేదు" అన్నాడు. పుస్తకం తిరిగి నా సంచిలో పెట్టి, "ఆయవ్వ ఇల్లు యాడ?" అన్నాడు.

హిందూపురంలో దిగి ప్రెస్సుకు పోకుండా బస్టాండుకు నడిచాం. పెనుకొండ బస్సు ఎక్కాం. అవ్వ గుడిసె ముందర చెనిక్కాయలు ఒలుస్తూ ఉంది. దగ్గుతూ ఉంది.

"ఎవరప్పా నువ్వు?"

"ఆ పుస్తకంలో తప్పులు చూసేటోన్ని అవ్వా."

"చూస్తివా?"

"చూళ్ళేదు."

అవ్వకు నవ్వొచ్చింది. "మరి ఆ పని నీకెవురిచ్చిరప్పా! కూచో. చెనిక్కాయలు తిను."

ఆయన నేల మీద కూర్చున్నాడు. చెనిక్కాయలు తీసుకోలేదు. "అవ్వా, గీతల నడుమ ఉండేది అబద్ధం. అది అబద్ధమని చెప్పను పుట్టిందే ఆ పుస్తకం. అబద్ధాన్ని సింగారించి ముందర నిలబెట్టినాం, నిజాన్ని వెనక దాచినాం. నేను చూడాల్సింది. తప్పు నాది. బిళ్ళలు ఆపితే నీకు ప్రాణాల మీదికి వస్తాది."

నా వైపు ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. నాకు ఊపిరి తిరిగి వచ్చినట్టయింది. అది ఎంత సిగ్గుచేటైన ఊపిరో ఇప్పుడు చెప్పగలను.

అవ్వ చెనిక్కాయ ఒలవడం ఆపింది. "నువ్వు మంచోని మాదిరే ఉండావు. కానీ ఒక్కని మాట చెల్లదప్పా. ఇద్దురో ముగ్గురో సాక్షులుండాలని వాక్యంలో ఉండాది. నీకు రెండో సాక్షి యాడ?"

ఆయన తల వంచుకున్నాడు. ఆయన నన్ను చూపించడని నాకు తెలుసు. చీర మడిచి ఎదుట పెట్టి లేచిపోయే మనిషి. సాయంత్రం వరకు అట్లే కూర్చుంటాడు కానీ నా పేరు చెప్పడు. దూరంగా బస్సు హారను వినిపించింది. అవ్వ మళ్ళీ దగ్గింది. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు.

"నేనే అవ్వా" అన్నాను. "ఆ గీతలు గీసింది నేను. కంఠత వాక్యం మాదిరి పెద్ద అక్షరాలు పెట్టింది నేను."

అవ్వ నన్ను చూసింది. "యాలమ్మీ?"

"అందంగా ఉంటాదని."

"అందంగానే ఉండ్య. అందుకే గదా నేర్చుకుంటి." కొంగుతో నోరు తుడుచుకుంది. "నిన్న నువ్వు ఆమెన్ అన్లేదు. నేను చూస్తి. గొంతు బాగలేదేమో అనుకుంటి పాపా." తర్వాత చాలా మెల్లగా అడిగింది: "మరి మీ నాయన నేర్పిన గీతల మాటలు? అవి గూడా ఎవురో పాప అందానికి కట్టిందేనా?"

నేను పుట్టినప్పటి నుంచి వాక్యం వింటున్నాను. ఎన్నో ప్రసంగాలకు నోట్సు రాసుకున్నాను.  "మాట దేవునిదే అవ్వా. గీతలు గీసేది మాత్రం మాలాంటి మనుషులు" అన్నాను. అంతకంటే పెద్ద జవాబు నాకు ఈనాటికీ తెలియదు.

"గీతల్ని నమ్మొద్దవ్వా. చుట్టూ ఉండేది గూడా చదువు" అన్నాడు ఆయన.

"చుట్టూ చీమల మాదిరి ఉంటాయప్పా అక్షరాలు. నాకు కనపడవు."

ఆయన జేబులోంచి ఎర్ర రీఫిల్లు తీశాడు. సంచిలోని పాత ప్రూఫు కాగితాలను తిరగేసి మోకాలి మీద పెట్టుకొని, వెనక పుటలోని ఖండనను పెద్ద పెద్ద అక్షరాల్లో రాశాడు. మూడు కాగితాలు పట్టింది. అవ్వ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. ఎండ గుడిసె మీద నుంచి పక్కకు జరిగింది. చదవడం అయ్యాక అవ్వ లేచి లోపలికి పోయి, మిగిలిపోయిన బిళ్ళల పొట్లాన్ని తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పా. ఆస్పత్రికి పోదాం. తిట్టేటప్పుడు ఇద్దురూ నా పక్కన నిలబడాల."

డాక్టరు తిట్టాడు. ముగ్గురం తలవంచుకొని నిలబడ్డాం. వైద్యం మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఈసారి సూదులు కూడా. వాటివల్ల ఒక్కోసారి చెవులు దెబ్బతింటాయని డాక్టరు ముందే చెప్పాడు. అవ్వ బతికింది. చెవులు పోయాయి. మా సంఘంలో అందరికంటే ముందు పాట ఎత్తుకునే మనిషి, ఆ తర్వాత పెదవులు చూస్తూ, ఒక మాట వెనకగా పాడేది. ఆ వెనకబడిన గొంతు వినిపించినప్పుడల్లా నేను కండ్లు మూసుకునేదాన్ని. క్షమాపణ ఉందని నాకు తెలుసు. క్షమాపణతో చెవులు తిరిగి రావని కూడా తెలుసు.

ప్రెస్సులో మిగిలిన ప్రతులన్నిటిలో ప్రతి బాక్సు కింద ఆయన తన చేత్తోనే 'ఇది అబద్ధం, తిప్పి చదవండి' అని రాశాడు. అమ్ముడుపోయినవాటి కోసం మేమిద్దరం తెలిసిన ఇండ్లన్నీ తిరిగాం. దొరికినవి దొరికాయి. దొరకనివి ఎక్కడున్నాయో దేవునికే తెలియాలి.

ప్రసంగం వినలేని అవ్వ కోసం నాయన ఆదివారం చెప్పబోయే మాటలను నేను పెద్ద అక్షరాల్లో రాసివ్వడం మొదలుపెట్టాను. మొదటి కాగితం ఇచ్చిన రోజే అవ్వ అడిగింది: "నువ్వు రాస్తివి సరే. ఇంకెవురు చూసిరి?" అందుకని ప్రతి శనివారం రైల్లో ఆ కాగితం ఆయన చేతికి పోయేది. ఆయన పై నుంచి కిందికి చదివి, ఆ తర్వాత కింది నుంచి పైకి చూసి, అడుగున నా సంతకం పక్కన తన సంతకం పెట్టేవాడు. చర్చి గడప ఎన్నడూ తొక్కని మనిషి ఏండ్ల తరబడి మా నాయన ప్రసంగాలు చదివాడు. దీని ద్వారా ప్రభువు ఆయన మనసు తెరుస్తాడని నేను ప్రతి వారం కనిపెట్టుకొని ఉన్నాను.

ఒక శనివారం ప్రసంగం పునరుత్థానం మీద. ఆయన రెండుసార్లు చదివాడు. రీఫిల్లు తీశాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. 

"ఏమ్మా, అవ్వ అడిగేది నమ్మినావా అనా, చూసినావా అనా?"

"చూసినారా అనే సార్."

ఆయన సంతకం పెట్టాడు. నాకు నిరాశగా ఉండింది. మరుసటి రోజు ఆరాధనకు ముందు, ఉండబట్టలేక, కాగితం చివర చిన్నగా రాసి అవ్వకు చూపించాను: 'ఆయన ఇవేవీ నమ్మడు అవ్వా.'

అవ్వ చదివింది. తన చెవులకు వినపడదు కనుక, చుట్టుపక్కల వాళ్ళంతా తిరిగి చూసేంత గట్టిగా అనింది: "నమ్మేటోళ్ళు సంఘం నిండా ఉండారు పాపా. ఆ పొద్దు ఆమెన్ అనింది వీళ్ళే గదా! ఆయప్ప సంతకం యాడుండాదో చూపీ."

చూపించాను. దాని మీద వేలు ఆనించి, అవ్వ మొదటి లైను చదవడం మొదలుపెట్టింది.